పోత గొళ్ళెం ఎవరు కొంటారు? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఇత్తడి పోతపోసే కుటుంబాలకు విగ్రహాలూ గుడి గంటలూ కాక, ఇంట్లో రోజూ చేతికి తగిలే వస్తువుల తయారీలో బతుకుతెరువు దొరుకుతుందా అని ఒక పాఠకుడు అడిగాడు. దొరుకుతుందని కిందటి సంచికలో రెండు వాక్యాలలో జవాబు చెప్పి ఊరుకున్నాము. ఆ జవాబు చాలదని కడప, కర్నూలు, అనంతపురం ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాలు మమ్మల్ని గట్టిగానే నిలదీశాయి. పేర్లు వేయవద్దని కొందరు కోరినందువల్ల అందరికీ ఊళ్ళ పేర్లు మాత్రమే ఇస్తున్నాము.

ప్రశ్న: నేను డిజైన్ కోర్సు చదివాను. మా మేనమామగారి ఇంట్లో మూడు తరాలుగా మైనపు అచ్చుతో ఇత్తడి పోతపోస్తున్నారు. పండుగల ముందు రెండు మూడు నెలలు తప్ప వాళ్ళకు చేతినిండా పని ఉండదు. రోజువారీ వస్తువులు చేయిద్దామని నేనొక బల్లదీపం గీసి ఇస్తే మామయ్య చక్కగా పోసి ఇచ్చాడు. అది రెండున్నర కిలోలు తూగింది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు కాని ఒక్కరూ కొనలేదు. పొరపాటు ఎక్కడ జరిగింది, మళ్ళీ ఎక్కడ మొదలుపెట్టాలి? (ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు)

జవాబు: అమ్మా, మీ గీతలోనూ మీ మామయ్యగారి చేతిలోనూ లోపమేమీ కనిపించడం లేదు. ఆ దీపం కాగితం మీద పుట్టింది, కాగితం మీది గీతకు బరువుండదు, చిక్కంతా అక్కడే వచ్చింది. పోతపనిలో వస్తువు ధరను మొదట తేల్చేది తక్కెడ. మైనపు అచ్చు పనిలో మైనంతో చేసిన ఆకారానికి మట్టి పూసి కాలుస్తారు, మైనం కరిగిపోయిన ఖాళీలోకి ఇత్తడి పోస్తారు. తేనెమైనం కన్నా ఇత్తడి దాదాపు తొమ్మిది రెట్లు బరువు కాబట్టి, వంద గ్రాముల మైనంతో చేసిన ఆకారానికి తొమ్మిది వందల గ్రాములకు కాస్త తక్కువగా ఇత్తడి పడుతుంది. లోహం లోపలికి పారే కాలువలలో నిలిచిపోయేది దీనికి అదనం. ఇది పనివారికి మనం నేర్పవలసిన సంగతి కాదు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుని పేరుతో వెలువడిన మానసోల్లాసం అనే గ్రంథంలోనే, మైనపు ప్రతిమను ముందుగా తూచి ఆ తూకాన్ని బట్టి ఎంత లోహం కరిగించాలో నిర్ణయించుకొమ్మని ఉంది. మీ దీపానికి సుమారు 280 గ్రాముల మైనం పట్టి ఉంటుంది. దానిని చేతిలోకి తీసుకున్న క్షణంలోనే మీ మామయ్యగారికి ఇది రెండున్నర కిలోల వస్తువని తెలిసి ఉంటుంది. మీరు అడగలేదు, చదువుకున్న మేనకోడలికి అడ్డు చెప్పడం ఎందుకని ఆయనా ఊరుకొని ఉంటారు. ఈ మొహమాటం వల్ల పోతపనికి జరిగిన నష్టం తక్కువేమీ కాదని నా అనుభవం.

కాబట్టి మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు కాగితం పక్కన పెట్టి మైనం దగ్గర కూర్చోండి. మీకు కావలసింది గోడకు బిగించే కొక్కెం అనుకుందాం. దానికి పాతిక బొమ్మలు గీసే బదులు, అయిదు రకాలుగా మైనంలో వంచి చూపమని ఆయన్ని అడగండి. నచ్చనిదాన్ని అక్కడికక్కడే నలిపి మళ్ళీ ముద్ద చేయవచ్చు, మైనం ఎక్కడికీ పోదు. మట్టి పూత పడ్డ తరువాత చేసే మార్పుకు రెండు మూడు రోజుల కూలీ, ఇత్తడి పోసిన తరువాత చేసే మార్పుకు బొగ్గు ఖర్చు కూడా తగులుతాయి. ఇరవై గ్రాముల మైనంతో అయ్యే కొక్కెం నూట డెబ్బై అయిదు గ్రాముల ఇత్తడితో ముగుస్తుంది, ఒక చిన్న సంచిని గాని తడి తువ్వాలును గాని మోయడానికి అది చాలు. మొదటి ఏడాది మూడు వందల గ్రాములు దాటే వస్తువు జోలికి పోవద్దని నా సలహా. కాస్త మొండిగా అనిపించినా ఈ హద్దు పెట్టుకుంటే సగం తప్పులు జరగకుండానే ఆగిపోతాయి.

ఇక ఈ పద్ధతి స్వభావాన్ని బట్టి తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మైనపు అచ్చులో ప్రతి వస్తువుకూ ఒక మట్టి అచ్చు, పోత అయ్యాక దాన్ని పగలగొట్టవలసిందే. అందువల్ల ఏ రెండు వస్తువులూ అచ్చంగా ఒకటిగా రావు. పైగా ఇత్తడి చల్లారేటప్పుడు నూటికి ఒకటిన్నర నుంచి రెండు వంతుల దాకా ముడుచుకుంటుంది. పది సెంటీమీటర్ల తలుపు పిడికి రెండు చివరలా మర రంధ్రాలు మైనంలోనే పెట్టారనుకోండి, పోత అయ్యాక వాటి నడుమ దూరం మిల్లీమీటరున్నర తగ్గి, వడ్రంగి ముందే తొలిచిన రంధ్రాలతో కలవదు. రంధ్రాలను పోత తరువాత తొలవడం ఒక దారి, ఒక రంధ్రాన్ని కొద్దిగా పొడవుగా కోలగా ఉంచడం మరో దారి. ఒకదానిలో ఒకటి బిగుతుగా కూర్చోవలసిన మూతలు, మరలు, రెండు రెక్కలు కలిసే మడతబందులు మైనపు అచ్చుకు సులభంగా లొంగవు. ఒంటి ముక్కగా ఉండి, కొద్దిపాటి తేడా వచ్చినా పని చెడని వస్తువులే ఎంచుకోండి. కొక్కెం, తలుపు పిడి, గొళ్ళెం, తలుపు గంట, కాగితాలు ఎగరకుండా పెట్టే బరువు, అగరువత్తుల కుదురు, చేతికర్ర కొసకు తొడిగే పొన్ను ఈ కోవలోకి వస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యంగా, వంద వస్తువులు ఒకే తీరుగా కావాలని ఎవరైనా అడిగితే, అది మైనపు అచ్చు పని కాదని నిర్మొహమాటంగా చెప్పండి. ఒక కర్ర నమూనా పెట్టుకొని రెండు పెట్టెల ఇసుక అచ్చులో పోస్తే ఆ పని చవకగా, త్వరగా అవుతుంది. ఇసుకలోంచి నమూనాను పైకి లాగడం కుదరని మెలికలు, లోపలికి మడిగిన అంచులు, తీగలా అల్లిన ఉపరితలం ఉన్నచోటే మైనపు అచ్చుకు తన విలువ దక్కుతుంది. ఆదిలాబాద్ వైపు ఓజాలు అనే పోతపనివారు గాని, బస్తర్, ఒడిశా, బెంగాల్ ప్రాంతాల డోక్రా పనివారు గాని చేసేది ఈ పనే. మట్టితో లోపలి గుజ్జును చేసి, దాని చుట్టూ గుగ్గిలం కలిపిన మైనాన్ని సన్నని తీగలుగా తీసి చుట్టి, పైన మెత్తని మట్టి ఒక పూత, ఊక కలిపిన ముతక మట్టి మరో పూత వేస్తారు. లోపల గుజ్జు ఉండటం వల్ల వస్తువు బోలుగా వస్తుంది, లోహం ఆదా అవుతుంది. మీ మామయ్యగారు బరువుగా గట్టిపోత పోసే అలవాటున్నవారైతే, ఈ గుజ్జు పెట్టే పని మీరిద్దరూ కలిసి చేసి చూడవలసిన మొదటి ప్రయోగం. మైనపు పొర మూడు మిల్లీమీటర్ల కన్నా బాగా పలచబడితే లోహం చివరిదాకా పారకముందే గడ్డకడుతుందని మాత్రం గుర్తుంచుకోండి.

మరొక మాట కూడా చెప్పాలి. 'రోజువారీ వస్తువు' అనేది మనం పోతపనివారికి కొత్తగా తెచ్చిపెడుతున్న ఆలోచన అని మీ ఉత్తరం చదివితే అనిపిస్తుంది. చరిత్ర అందుకు భిన్నంగా ఉంది. బెంగాల్, ఒడిశాల్లో డోక్రా పనివారు పూర్వం బియ్యం కొలిచే గిన్నెలు పోసేవారు. ఓజాలు గోండులకు గంటలు, దీపాలు, కాలి కడియాలు చేసి ఇచ్చేవారు. మన సీమలో గొర్రెల మెడకు కట్టే గంటా, ఎద్దుల పట్టెడకు కుట్టే మువ్వా అలంకారం కోసం పుట్టినవి కావు. చీకటిలో, కంపచెట్ల మధ్యలో పశువు ఎక్కడుందో చెప్పడానికి పుట్టాయి. గాజు బీరువాలో పెట్టుకొనే బొమ్మలే పోతపని అన్న అభిప్రాయం ఆ తరువాత, స్టీలూ అల్యూమినియమూ వంటింట్లోకి వచ్చి పాత గిరాకీని మింగేశాక, అంగళ్ళ ద్వారా ఏర్పడింది. మీ మామయ్యగారి తాతగారి కాలంలో ఏమేమి పోసేవారో అడిగి, అటకమీద మిగిలిన పాత సామాను దింపించి చూడండి. బొమ్మల పుస్తకాల కన్నా అది మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

మెరుగు గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. పోత వస్తువును అద్దంలా రుద్దించడం వల్ల కూలీ పెరుగుతుంది, మైనపు తీగల గీతలు అరిగిపోతాయి. చేయి తగిలే చోట మాత్రం ఆకురాయితో నునుపు చేయించి తక్కినది వదిలేయండి. వాడకంలో పిడి తానే మెరుస్తుంది, పల్లాలు తామే నల్లబడతాయి. చేతిపోతకూ యంత్రం పోతకూ తేడాను కొనుగోలుదారు అక్కడే చూస్తాడు.

ప్రశ్న: మాది ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ. పోతపని చేసే ఏడు కుటుంబాలకు పట్నం నుంచి ఒక డిజైనరును పిలిపించి పదిహేను రోజుల శిబిరం పెట్టాము. ఇరవై కొత్త నమూనాలు తయారయ్యాయి, ప్రదర్శనలో అందరూ ఫొటోలు తీసుకున్నారు. ఆరు నెలలైనా ఒక్క ఆర్డరు రాలేదు. వచ్చిన ఒక్క విచారణకూ పనివారు చెప్పిన ధర విని వాళ్ళు వెనక్కి తగ్గారు. (ఒక కార్యకర్త, కర్నూలు)

జవాబు: ఇరవై నమూనాలు తయారయ్యాయని చదవగానే మిగతా కథ ఊహించగలిగాను. ఇరవై నమూనాలంటే ఇరవై రకాల మైనం పని, ఇరవై రకాల మట్టిపూత, ఇరవై చోట్ల పోత చెడే అవకాశం. ఒక రకాన్ని నలభై సార్లు పోస్తేనే గాని కాలువ ఎక్కడ పెట్టాలో, గాలి ఎటు పోవాలో, మూసలో, అంటే లోహం కరిగించే పాత్రలో, లోహం ఎంత వేడెక్కాలో చేతికి స్థిరపడదు. మూడు నమూనాలతో శిబిరం ముగించి ఉంటే మీకు ఈపాటికి నిలకడగా పోయగల మూడు వస్తువులు ఉండేవి. పదిహేను రోజుల గడువు కూడా పనివారి అవసరాన్ని బట్టి వచ్చింది కాదు. మట్టిపూత పొరపొరకూ ఆరడానికి పట్టే కాలాన్ని ఏ నివేదికా తగ్గించలేదు.

ధర విషయానికి వస్తే, పనివారు ఎక్కువ చెప్పారా, లేక మొదటిసారిగా సరిగ్గా లెక్కవేసి చెప్పారా అన్నది చూడాలి. అంకెలు ఊహించి ఒక లెక్క వేద్దాం. వస్తువు బరువు 350 గ్రాములు, ఇత్తడి కిలో 600 రూపాయలు అనుకుంటే ఒక్కొక్కదానికి లోహం 210 రూపాయలు. మైనం, మట్టి, బొగ్గు కలిపి 40 రూపాయలు. పది వస్తువులకు ఇద్దరు మనుషులు నాలుగు రోజులు, రోజుకూలీ 600 చొప్పున 4,800 రూపాయలు. మొత్తం 7,300, అంటే వస్తువుకు 730 రూపాయలు. సాధారణంగా పనివారు చెప్పే ధర ఈ లెక్క దగ్గరే ఆగుతుంది. కాని పదింటిలో రెండు పోత చెడిపోతే, వాటి ఇత్తడి తిరిగి మూసలోకి వెళ్ళినా తరుగు పోగా 380 రూపాయలే వెనక్కి వస్తుందనుకుంటే, మిగిలిన 6,920 రూపాయలను ఎనిమిది వస్తువులే మోయాలి. అప్పుడు ఒక్కొక్కటి 865 రూపాయలవుతుంది. 730కి ఒప్పుకున్న పనివాడు అమ్మిన ప్రతి వస్తువు మీదా 135 రూపాయలు తన జేబులోంచి పెట్టుకుంటున్నాడు. ఆ నష్టం అతనికి కూలీ తగ్గిన రూపంలో కనిపిస్తుంది కాబట్టి పని గిట్టడం లేదంటాడే తప్ప, ఎక్కడ పోతున్నదో చెప్పలేడు. అంగడివాడు తన అద్దె, తన లాభం కలుపుకొని ఆ 865ను దాదాపు రెట్టింపు చేస్తాడు. పదిహేడు వందలు పెట్టి ఆ వస్తువును కొనే ఇల్లు ఉందా అన్న ప్రశ్న శిబిరం మొదటి రోజున వేసుకోవలసింది.

చెడిన పోత ఖర్చు ఎవరిదో ముందే కాగితం మీద రాసుకోండి. కొత్త నమూనా స్థిరపడేదాకా జరిగే నష్టం నమూనా ఇచ్చినవారిది, స్థిరపడ్డాక జరిగేది పోసినవారిది అన్న ఒప్పందం న్యాయంగా ఉంటుంది. డిజైనరు తన రుసుమును ముందుగా తీసుకొని వెళ్ళిపోయి, పనివాడు మాత్రం చెడిన పోతల మధ్య మిగిలిపోయే ఏర్పాటును సహకారం అనడానికి నాకు మనసొప్పదు.

లోహం కొనే పెట్టుబడి మరో చిక్కు. ఏడు కుటుంబాలూ వేర్వేరుగా అప్పు చేసి పాత ఇత్తడి కొంటుంటే వడ్డీయే లాభాన్ని తినేస్తుంది. ఇందుకు పరిష్కారం మీ జిల్లాలోనే కనిపిస్తుంది. చేనేత సహకార సంఘాల పద్ధతిలో నూలు సంఘం ఇస్తుంది, నేసిన గుడ్డ సంఘం తీసుకుంటుంది, నేతగాడికి మజూరి చేతికి వస్తుంది. యెమ్మిగనూరులో మాచాని సోమప్పగారు నిలబెట్టిన సంఘం పేరు వినని వారు మీ వైపు ఉండరు. మీరు కూడా ఇత్తడిని ఉమ్మడిగా కొని తూకం మీద ఇచ్చి, తయారైన వస్తువునూ మిగిలిన ముక్కనూ తూకం మీదే తీసుకోండి. కరిగించేటప్పుడు పోయే తరుగు నూటికి ఎంతో పది పోతలు పోసి చూసి, ఆ వంతును అందరి సమక్షంలో ఖాయం చేయండి. బంగారం పనిలో తరుగూ మజూరీ ఎంత తగవు పెడతాయో తెలిసిన సీమవాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

ప్రభుత్వ సాయం కావాలంటే, 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో శిక్షణ కాలానికి రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది తీర్చాక రెండు లక్షల రూపాయల అప్పు ఉన్నాయి. పథకం 18 వృత్తులకు వర్తిస్తుంది. మీ కుటుంబాల పని వాటిలో దేని కింద నమోదవుతుందో దరఖాస్తుకు ముందే కామన్ సర్వీస్ సెంటరులో తేల్చుకోండి. హస్తకళల అభివృద్ధి కమిషనరు కార్యాలయం ఇచ్చే 'పెహచాన్' గుర్తింపు కార్డు ప్రతి పనివారికీ, ముఖ్యంగా మైనం పని చేసే ఆడవాళ్ళకు, వేర్వేరుగా తీయించండి. ఇంటి యజమాని పేరు మీద ఒకే కార్డు ఉన్నచోట, మైనపు తీగలు చుట్టే ఆవిడ పని లెక్కలోకే రావడం లేదు.

ప్రశ్న: పోత ఇత్తడితో గరిటెలు, చిన్న గిన్నెలు చేయించి అమ్మాలనుకుంటున్నాము. ఆరోగ్యానికి మంచిదని జనం ఇప్పుడు ఇత్తడి అడుగుతున్నారు. ఇందులో జాగ్రత్తలేమైనా ఉన్నాయా? (మహిళా పొదుపు సంఘం, అనంతపురం)

జవాబు: ఉన్నాయి, అందులో మొదటిది వెంటనే మొదలుపెట్టకపోవడం. పోతపనివారు కరిగించేది చాలావరకు పాత కొళాయిలు, వాల్వులు, యంత్రాల ముక్కలు. తేలికగా చెక్కడానికి వీలుగా అటువంటి ఇత్తడిలో సీసం కలుపుతారు, కొన్ని రకాలలో అది నూటికి మూడు వంతుల దాకా ఉంటుంది. తలుపు పిడికి దానివల్ల ఇబ్బంది లేదు. నోట్లోకి వెళ్ళే పదార్థాన్ని తాకే గరిటెకు ఆ లోహం పనికిరాదు. సీసం చిన్నపిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది, అది ఎంత తక్కువైనా ఫరవాలేదనడానికి వీల్లేదు. వంట సామాను పోయించాలంటే రాగినీ జింకునూ విడివిడిగా, కూర్పు తెలిసిన సరుకుగా కొని, వేరే మూసలో కరిగించి, తయారైన మొదటి వస్తువును లోహ పరీక్ష చేయించి, ఆ తరువాతే అమ్మకానికి పెట్టాలి.

సీసం లేని ఇత్తడి అయినా పులుపును ఓర్చుకోదు. చింతపండుతో తోమితే ఇత్తడి చెంబు తళతళలాడటానికి కారణం, పులుపు పైనున్న మురికితోపాటు పలచని లోహపు పొరను కూడా కరిగించడమే. చింతపులుసు గిన్నెలోనూ అదే జరుగుతుంది, పైగా అది మన కడుపులోకి వెళుతుంది. అందుకే మన పెద్దలు కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాచేవారు కాదు. తగరం 232 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి కాల్చిన గిన్నె లోపల నవాసాగరం చల్లి తగరాన్ని గుడ్డతో రుద్దితే పొర పడుతుంది. వాడకంలో అది అరిగిపోతుంది గనుక మళ్ళీ మళ్ళీ వేయించాలి. కళాయి వేసేవాళ్ళు మీ ఊళ్ళో ఇంకా ఉన్నారా? లేకపోతే మీరు అమ్మిన గిన్నె రెండేళ్ళకు అటకెక్కుతుంది. సంగటి కెలికే తెడ్డుకు కర్ర ఉండనే ఉంది, దాన్ని ఇత్తడితో మార్చవలసిన అవసరం నాకు కనిపించదు.

ఒక పక్కమాట. చెంబు, బిందె వంటివి సాధారణంగా రేకును సుత్తెతో సాగగొట్టి చేసేవి, పోతపోసేవి కావు. భారత ప్రభుత్వ ఆహ్వానం మీద వచ్చిన అమెరికా డిజైనర్లు ఈమ్స్ దంపతులు 1958లో ఇచ్చిన నివేదికలో మన చెంబును ఎంతగానో మెచ్చుకున్నారు. ఎన్ని నీళ్ళు పట్టాలి, తలమీదా నడుమునా ఎలా మోయాలి, ఎలా వంచి పోయాలి, ఎలా తోమాలి, ఎంత ఖరీదు అన్న ప్రశ్నలన్నిటికీ అది జవాబు చెబుతున్నదని గమనించారు. ఆ నివేదిక ఫలితంగానే 1961లో అహమ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. మీరు చేయబోయే వస్తువేదైనా ఆ ప్రశ్నలన్నీ ఒకసారి వేసి చూడండి. ముఖ్యంగా తోమడం గురించి, ఎందుకంటే డిజైను గీసేవారిలో అంట్లు తోమినవారు తక్కువ.

ప్రశ్న: మా అన్నదమ్ములం కలిసి కొత్త రకం తలుపు గంట చేశాము. ఫొటో వాట్సాప్‌లో పెట్టాము. నాలుగు నెలల్లో అదే ఆకారం యంత్రం మీద తయారై బజారులో సగం ధరకు వచ్చింది. దీన్ని ఆపడం ఎలా? జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు తెచ్చుకుంటే సరిపోతుందా? (ఒక పాఠకుడు, హిందూపురం)

జవాబు: ఆ గంట విషయంలో చేయగలిగింది తక్కువ, మీకు ఊరట కలిగించే మాట చెప్పలేకపోతున్నందుకు మన్నించండి. డిజైన్ల చట్టం, 2000 ప్రకారం ఒక వస్తువు ఆకారాన్ని నమోదు చేసుకుంటే పదేళ్ళు, పొడిగిస్తే మరో అయిదేళ్ళు దానిపై హక్కు ఉంటుంది. కాని దరఖాస్తు నాటికి ఆ ఆకారం కొత్తదై ఉండాలి, అంతకుముందు బహిరంగంగా వెల్లడై ఉండకూడదు. వాట్సాప్‌లో ఊరంతా తిరిగిన ఫొటో మీ దరఖాస్తుకే అడ్డు తగులుతుంది. ఇకమీదట ముందు దరఖాస్తు, తరువాత ఫొటో అన్న వరస పాటించండి.

బయటి డిజైనరుతో పనిచేసేవారు ఇంకో సంగతి చూసుకోవాలి. డబ్బు తీసుకొని వేరొకరి కోసం డిజైను చేస్తే, ఆ డిజైనుకు చట్టం దృష్టిలో సాధారణంగా యజమాని ఆ చేయించుకున్నవారే. మైనం దగ్గర మీరు చేసిన మార్పుల వల్లే ఆ వస్తువు నిలబడినా, ఒప్పందంలో లేకపోతే మీ పేరు ఎక్కడా ఉండదు. ఉమ్మడి యజమానులుగా ఇద్దరి పేర్లూ దరఖాస్తులో ఉండాలని ముందే రాయించుకోండి.

జీఐ గుర్తింపు వేరే పనికి వచ్చేది. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో ఆ గుర్తింపు వచ్చింది. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి సామానుకూ, వరంగల్ వైపు పెంబర్తి లోహపు పనికీ కూడా ఉంది. అది ఆ ప్రాంతపు పేరును కాపాడుతుంది. అక్కడ తయారుకానిదాన్ని ఆ పేరుతో అమ్మకూడదు, అంతవరకే. ఒక్కొక్క గంట ఆకారాన్ని అది కాపాడదు, ఒక్క కుటుంబానికి చెందదు కూడా. అలాగే మన జిల్లాలో మైనపు తీగ పని నేర్చుకొని చేసినదాన్ని ఆదిలాబాద్ డోక్రా అని అమ్మడానికి వీల్లేదు, అది ఓజాల నోటి దగ్గర కూడు తీయడమే అవుతుంది. మీ ఊరి పేరు పెట్టుకొని అమ్మండి.

యంత్రం సరుకుతో ధరలో పోటీ పడటం ఎలాగూ కుదరదు. మీ గంట మోగే తీరుకు మాత్రం అది రాలేదు. రాగి 78 వంతులు, తగరం 22 వంతులు కలిసిన కంచుతో పోసిన గంట నాదం చాలాసేపు నిలుస్తుంది. జింకు మిశ్రమంతో పోసి పైన పసుపు పూత పూసిన గంట టక్కున ఆగిపోతుంది. కంచు పెళుసు, కింద పడితే పగులుతుంది. గంటకు అది తగిన లోహం, పిడికి తగదు. కొనేవారి ముందు రెండు గంటలూ పక్కపక్కన మోగించి చూపండి.

ప్రశ్న: ఇత్తడి పోసిన రోజు సాయంత్రం మా ఆయనకు చలిజ్వరం వస్తుంది, నోరు చేదుగా ఉందంటాడు. మర్నాటికి తగ్గిపోతుంది. పాలు తాగి బెల్లం తింటే సరిపోతుందని అందరూ అంటారు, నిజమేనా? (ఒక గృహిణి, ఆదోని)

జవాబు: సరిపోదమ్మా. ఇత్తడి కరిగేది 900 నుంచి 940 డిగ్రీల నడుమ, అందులోని జింకు 907 డిగ్రీల దగ్గరే ఆవిరవుతుంది. మూస మీద లేచే తెల్లటి పొగ అదే, మీరు చెప్పిన లక్షణాలు ఆ పొగ పీల్చినవారికి వచ్చే జ్వరానివి. పాలు, బెల్లం కడుపులోకి పోతాయి, పొగ ఊపిరితిత్తులలోకి పోతుంది. మూసపై బొగ్గుపొడి కప్పి ఉంచమనండి, కరిగిన తరువాత అనవసరంగా ఇంకా వేడెక్కించవద్దని చెప్పండి, కొలిమిని వంటింటి పక్కనుంచి ఆరుబయటికి, గాలివాటుకు మార్పించండి. తువ్వాలు కట్టుకోవడం వల్ల ఈ పొగ ఆగదు, ఎన్95 రకం ముసుగు కావాలి. జింకు ఆవిరైతే లోహమూ తరిగిపోతుంది కాబట్టి ఈ జాగ్రత్త వల్ల తూకమూ మిగులుతుంది. ఆయన ఆరోగ్యం మాట వినకపోయినా తరుగు మాట వింటారేమో. ఆయాసం గాని దగ్గు గాని మర్నాటికి తగ్గకపోతే ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపించండి.

ప్రశ్న: ఇత్తడి పిడి అని అంగట్లో అమ్మేది నిజంగా ఇత్తడేనా కాదా అని ఇల్లు కట్టుకొనేవాళ్ళం ఎలా తెలుసుకోవాలి? (ఒక పాఠకుడు, కడప)

జవాబు: మొదట అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకుంటే లోపల ఇనుము. అంటుకోకపోతే పిడి వెనక్కి తిప్పి, మర బిగించే చోట మేకు మొనతో చిన్న గీత గీయండి. గీత పసుపుగా కనిపిస్తే ఇత్తడి, బూడిదరంగులో ఉంటే జింకు మిశ్రమానికి పూసిన పూత. అదే పరిమాణంలోని ఇత్తడి పిడి కన్నా జింకు మిశ్రమం పిడి చేతికి తేలికగా కూడా ఉంటుంది. గీత గీయనివ్వని అంగట్లో కొనకండి.